వరండాలో పది మీటర్ల గీత: నాలుగో తరగతి తీసివేతల డైరీ

మొదటి రోజు

బోర్డు మీద ఒకే ఒక లెక్క రాశాను. "ఎర్ర తాడు పొడవు 82 సెంటీమీటర్లు. పచ్చ తాడు పొడవు 57 సెంటీమీటర్లు. పచ్చ తాడు కంటే ఎర్ర తాడు ఎంత ఎక్కువ?" మా నాలుగో తరగతిలో 23 మంది. చేసి పలకలు తిప్పి చూపించమంటే మూడు జవాబులు కనిపించాయి. ఎనిమిది మంది 25 వేశారు. ఆరుగురు 35 వేశారు. తొమ్మిది మంది 139 వేశారు.

35 ఎట్లా వచ్చిందో మాకు చూడగానే తెలుస్తుంది. రెండులోంచి ఏడు పోదు, కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు. నన్ను నిలబెట్టింది 139. ఒక పిల్లను దగ్గరికి పిలిచి అడిగాను, "ఎందుకు కూడినావమ్మా?" అని. "ఎక్కువ అని ఉండాది కదా మేడం" అంది.

ఆ మాట నేను నేర్పిందే. "మొత్తం, ఎక్కువ అని ఉంటే కూడండి, తక్కువ, మిగిలింది అని ఉంటే తీసేయండి" అని పోయిన ఏడాది వీళ్లకే చెప్పాను. పరీక్షలో ఆ కిటుకు పనికొచ్చింది కూడా. ఈరోజు అదే వాళ్లకు అడ్డం పడింది. లెక్క చదవకుండా ఒక్క మాట వెతుక్కుంటున్నారు.

సాయంత్రం నడిచి వస్తూ ఇంకో సంగతి తోచింది. మనం "తీసివేత" అంటాం. బల్ల మీద రెండు తాళ్లూ ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి, దేన్నీ ఎవరూ కోయలేదు. తీసివేయడం అంటే తెలిసిన పిల్లకు, ఏదీ తీసేయని చోట తీసివేత చేయాలని ఎందుకు అనిపించాలి? "ఎంత మిగిలింది", "ఎంత తేడా" అనేవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిది మా పిల్లలకు బాగా తెలుసు. రెండోది నేను ఎప్పుడూ విడిగా నేర్పలేదు.

పాఠ్యపుస్తకంలో సంఖ్యారేఖ ఉంది, కానీ అది జానెడు కూడా లేదు. పిల్లలు దాని మీద నిలబడలేరు. అందుకే మా బడి వరండాలో పెద్ద గీత వేయాలనుకున్నాను. 1 సెంటీమీటరు అంటే నిజంగా ఒక సెంటీమీటరే ఉండాలి.

మూడో రోజు

చంద్రగిరి అంగట్లో 12 మీటర్ల మంచం నవారు కొన్నాను. మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు, వాన తగలదు అని ఆలోచన. ఒక కొస ఆయమ్మ పట్టుకుంటే, రెండో కొస నేను లాగి పట్టి, మార్కరుతో గీతలు పెట్టాను. పూర్తయ్యేసరికి చీకటి పడింది.

మరుసటి రోజు గచ్చు మీద వదులుగా పరిచి చూస్తే 5 మీటర్ల గీత అసలు చోటికి రాలేదు. మేస్త్రీ టేపుతో కొలిస్తే 4 మీటర్ల 91 దగ్గర ఉంది. లాగి పట్టినప్పుడు సాగిన నవారు వదిలేయగానే ముడుచుకుంది, నా గీతలు కూడా దానితో పాటే దగ్గరయ్యాయి. కొలిచే సాధనం సాగకూడదు. చెప్పుకోవడానికి చిన్న మాటే, నాకు రెండు రోజులు పట్టింది. ఎవరైనా ఇట్లాంటి పని మొదలుపెడితే నవారు, లాస్టిక్ లాంటివి వద్దు. టైలరు టేపు పరవాలేదు కానీ అది 150 సెంటీమీటర్లే.

ఆ మేస్త్రీ టేపు మా బడి పిల్లాడి నాయన తెచ్చాడు. దాని కొసన ఉండే కొక్కెం కొంచెం వదులుగా కదులుతోంది. పాడైంది కాబోలు అనుకున్నాను. "పాడు కాలేదు మేడం, అది అట్లాగే ఉండాల" అన్నాడాయన. బల్ల అంచుకు తగిలించి లాగితే కొక్కెం తన మందమంత బయటికి వస్తుంది. గోడకు ఆనించి నెట్టితే అంతే లోపలికి పోతుంది. అందుకని రెండు విధాలా కొలత సరిగ్గా సున్నా నుంచే మొదలవుతుంది. ఇన్నేళ్లుగా టేపు వాడుతున్నా నాకు ఈ సంగతి తెలియదు.

గీత ఆయన చేతే వేయించాం. పసుపు పెయింటు. వరండా పొడవు 11 మీటర్ల 80. సున్నాను గోడకు ఆనించకుండా 1 మీటరు 20 సెంటీమీటర్లు వదిలి పెట్టమన్నాను. "ఆ జాగా దండగ కదా" అన్నారు హెడ్మాస్టరు సార్. సున్నా వెనక చోటు నాకు కావాలని చెప్పాను. 10 మీటర్లకూ సెంటీమీటరు గీతలంటే వెయ్యి గీతలు. అంత ఓపిక, పెయింటు రెండూ లేవు. మొదటి 4 మీటర్లకే సెంటీమీటరు గీతలు వేశాం, మిగతాదానికి పది పదికి ఒక గీత.

ఆరో రోజు

పెయింటు ఆరింది. మొదటి ఆట: "3 దగ్గర నుంచి 7 దాకా చూపుడువేలు జరుపు. ఎన్ని సెంటీమీటర్లు జరిగింది?" సగం మందికి పైగా 5 అన్నారు. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు అని గీతలు లెక్కపెడుతున్నారు. నేను "4" అంటే మొహాలు వాడిపోయాయి. "అయిదు గీతలు ఉండాయి కదా మేడం, మళ్లీ చూడండి" అని ఒకడు గట్టిగానే అన్నాడు. వాడు చెప్పింది నిజమే, గీతలు అయిదే.

ఇక్కడ ఎంత వివరించినా ఎక్కలేదు. ధనుర్మాసం కాబట్టి వాకిళ్లన్నీ ముగ్గులే. వెనక బెంచీలో కూర్చునే పిల్ల పొద్దున్నే లేచి వాళ్లవ్వతో కలిసి ముగ్గేసి బడికి వస్తుంది, చేతుల మీద ఇంకా తెల్లగా పిండి ఉంటుంది. ఆ పిల్లను ఏడు చుక్కలు ఒక వరసలో పెట్టమన్నాను. చుక్కకు చుక్కకు మధ్య గీత కలపమన్నాను. "ఎన్ని గీతలు కలిపినావు?" వేలు పెట్టి లెక్కపెట్టి "ఆరు" అంది. ఆగింది. "చుక్కలు ఏడు, మధ్యలో జాగాలు ఆరే మేడం. ఎప్పుడూ ఒకటి తక్కువే" అంది. ఆ పిల్ల చుక్కల ముగ్గులు ఎన్నో ఏళ్లుగా వేస్తోంది, ఇది చేతికి ఎప్పటినుంచో తెలుసు. ఈరోజు నోటితో చెప్పింది.

తర్వాత అందరం గీత దగ్గరికి వెళ్లి, సెంటీమీటరు అంటే గీత కాదు, రెండు గీతల మధ్య జాగా అని చూసుకున్నాం. ఆ రోజు నుంచి మా తరగతిలో "గీతలు కాదు, జాగాలు" అనే మాట నడుస్తోంది. నేను పెట్టింది కాదు, వాళ్లే అనుకుంటున్నారు.

ఎనిమిదో రోజు

ఒక అబ్బాయి స్కేలు 4 దగ్గర విరిగిపోయింది. వాడి దగ్గర 4 నుంచి 15 దాకా ఉండే ముక్క మాత్రమే ఉంది. కొలవమన్నప్పుడల్లా పక్కవాడి స్కేలు అడుగుతాడు, లేకపోతే ఊరికే కూర్చుంటాడు. కొత్తది కొనిద్దామని అనుకుంటూ ఉన్నాను. ఈరోజు ఆ ముక్క అడిగి తీసుకున్నాను. పెన్సిలు దాని మీద పెట్టి అందరికీ చూపించాను. ఒక కొస 4 దగ్గర, ఇంకో కొస 13 దగ్గర ఉంది. "పెన్సిలు ఎంత?"

చాలామంది 13 అన్నారు. ఇదే అసలు జబ్బు. కొలవడమంటే చివరి కొస దగ్గరున్న అంకె చదవడమే అనుకుంటున్నారు. మొదటి కొస ఎక్కడుందో చూడరు. వరండా గీత మీద 4 నుంచి 13 దాకా నడిపించాను, జాగాలు లెక్కపెట్టించాను. తొమ్మిది. మళ్లీ పెన్సిలును సున్నా దగ్గరికి జరిపాను. తొమ్మిదే. 20 దగ్గర మొదలుపెట్టాను. 29 దగ్గర ఆగింది. "ఎక్కడ పెట్టినా పెన్సిలు పెరగదు, తరగదు" అని స్కేలు విరిగిన అబ్బాయే అన్నాడు. వాడికి ఈ వారం ఒక పని అప్పజెప్పాను. విరిగిన స్కేలుతో బడిలో పది వస్తువులు కొలిచి, రెండు కొసల అంకెలూ రాయాలి. బ్లాక్‌బోర్డు డస్టరు: 4, 14, అంటే 10. సుద్దముక్క: 5, 12, అంటే 7. సున్నా అనేది లేకపోయేసరికి ప్రతిసారీ తీసివేత చేయక తప్పలేదు. మంచి స్కేలు ఉన్న పిల్లలకు ఇంత అభ్యాసం దొరకదు.

ఇంకో సంగతి కూడా చూసుకున్నాం. ప్లాస్టిక్ స్కేళ్లలో చాలావాటికి సున్నా అంచు మీద ఉండదు, కొద్దిగా లోపలికి ఉంటుంది. అంచు నుంచి కొలిచేవాళ్లకు ప్రతిసారీ తేడా వస్తుంది.

పదకొండో రోజు

మా తరగతిలో ఇద్దరు పిల్లల ఇళ్లలో పూలు కడతారు. తిరుపతిలో పూల వ్యాపారం మూరల్లోనే. మోచేతి నుంచి నడిమి వేలు కొస దాకా ఒక మూర. ఒక పిల్ల వాళ్లమ్మను అడిగి కనకాంబరాల దండ తెచ్చింది. వాళ్లమ్మ కూడా వచ్చింది. ఆమె మూర గీత మీద పెట్టి చూస్తే 42 సెంటీమీటర్లు. పిల్ల మూర 34.

"అమ్మ మూడు మూరలు కొలిస్తే ఎంత, నువ్వు మూడు మూరలు కొలిస్తే ఎంత?" అమ్మవి 126 దగ్గర, పిల్లవి 102 దగ్గర ఆగాయి. తేడా 24. ఒకడు వెంటనే "ఒక మూరకు ఎనిమిది తేడా, మూడు మూరలకు మూడెనిమిదులు ఇరవై నాలుగు" అన్నాడు. నేను ఆ దారి అడగలేదు, వాడే పట్టుకున్నాడు. "చిన్న చెయ్యి వాళ్ల దగ్గర కొనకూడదు మేడం" అని ఇంకొకరు. వాళ్లమ్మ నవ్వి, "అందుకే మా అంగట్లో కొలిచేది నేనే, నాయనా" అంది.

ఈ ఒక్క దండతో రెండు ప్రశ్నలూ వేశాను. "అయిదు మూరల దండలో రెండు మూరలు కోసి ఇచ్చేస్తే ఎంత మిగిలింది?" ఇందులో తీసేశాం, కోశాం. "నీ దండ కంటే ఆమె దండ ఎంత ఎక్కువ?" ఇందులో కోయలేదు. రెండింటికీ చేసే లెక్క ఒకటే, గీత మీద చూసేది మాత్రం వేరు. మొదటిదానికి గీత మీద వెనక్కి నడవాలి. రెండోదానికి ఇద్దరు రెండు చోట్ల నిలబడాలి, మధ్యలో జాగా ఎంతో చూడాలి. "ఎక్కువ" అనే మాట విన్నా ఈరోజు ఎవరూ కూడలేదు. ఇద్దరు నిలబడి ఉంటే మధ్యలో జాగా కనిపిస్తోంది కదా.

సాయంత్రం ఆమె ఇంకో లెక్క ఇచ్చి పోయింది. ఆమె టైలరు పని కూడా చేస్తుంది. రవికె గుడ్డతో కలిసి వచ్చే చీర మామూలుగా 6 మీటర్ల 30 ఉంటుంది, అందులో రవికెకు 80 సెంటీమీటర్లు కోస్తుంది. మిగిలేది 5 మీటర్ల 50. మా అమ్మ తరం వాళ్లు దీన్నే ఆరు గజాల చీర అంటారు. గజం 91.44 సెంటీమీటర్లు కాబట్టి ఆరు గజాలు దాదాపు అయిదున్నర మీటర్లే. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది, కానీ మా ఇళ్లలో గజం, మూర, జాన ఇంకా నోళ్లలో బతికే ఉన్నాయి. వాటిని పిల్లల చేత మాన్పించాలని నాకు లేదు. మీటరుకు చేరే దారి వాటి మీదుగానే ఉంది.

పదమూడో రోజు

సంక్రాంతి దగ్గర పడింది. చిత్తూరు వైపు నుంచి చెరుకు బండ్లు వస్తున్నాయి. రెండు గడలు తెచ్చాను, ఒకటి 203, ఒకటి 178 సెంటీమీటర్లు. రెండూ సున్నా దగ్గర మొదలుపెట్టి గీత పక్కన పడుకోబెట్టాం.

203 లోంచి 178. కాగితం మీద రెండు సార్లు అప్పు తెచ్చుకోవాలి, నడుమ సున్నా ఉంది. మా పిల్లలు ఎక్కువగా తప్పుపోయేది ఇక్కడే. గీత మీద మాత్రం రెండు కొసల మధ్య జాగా కళ్ల ముందే ఉంది. ముగ్గు పిల్ల ఒక దారం తీసుకుని 178 నుంచి 203 దాకా పట్టి కోసింది. ఆ దారం ముక్కను సున్నా దగ్గరికి తీసుకెళ్లి పెట్టింది. 25.

అప్పుడే జరిగింది నాకు ఈ నెలలో బాగా నచ్చిన సంగతి. స్కేలు విరిగిన అబ్బాయి రెండు గడల్నీ కలిపి పట్టుకుని ముందుకు రెండు సెంటీమీటర్లు జరిపాడు. చిన్న గడ కొస 180 దగ్గర, పెద్ద గడ కొస 205 దగ్గర ఆగాయి. "ఇప్పుడు తేలిక మేడం. 205 లోంచి 180. ఒక్క అప్పు చాలు" అన్నాడు. ఇంకొకడు ఇంకా జరపమని, చిన్నదాన్ని 200 దాకా తెచ్చాడు. పెద్దది 225 దగ్గరికి పోయింది. 25 అట్లాగే ఉంది.

ఒక జంట పిల్లలు చిన్న గడను మాత్రమే 2 జరిపి, 203 లోంచి 180 తీసి 23 చెప్పారు. తరగతి అంతా మూగి చూసింది. "ఒకటే జరిపినారు, అందుకే దగ్గరయిపోయినాయి" అన్నారు. నేను నోరు తెరవలేదు. రెండింటినీ ఒకే దూరం జరిపితేనే తేడా మారదు అనే నియమం నేను బోర్డు మీద రాసి ఉంటే మరుసటి రోజుకు మర్చిపోయేవారు. చివర్లో గడలు గణుపుల దగ్గర విరిచి అందరం తిన్నాం.

పదిహేడో రోజు

ఈరోజు పని మీటర్లూ సెంటీమీటర్లూ కలిసిన లెక్కలు. 3 మీటర్ల 5 సెంటీమీటర్లలోంచి 1 మీటరు 8 సెంటీమీటర్లు. ఎక్కువమంది 1 మీటరు 7 సెంటీమీటర్లు అన్నారు. అయిదులోంచి ఎనిమిది పోదని పక్కనుంచి 1 అప్పు తెచ్చి 15 చేసి, ఎనిమిది తీసేశారు. పదుల స్థానం నుంచి తెచ్చుకున్నట్టే తెచ్చారు. కానీ పక్కన ఉన్నది పది కాదు, మీటరు. ఒక మీటరు విడగొడితే 100 సెంటీమీటర్లు వస్తాయి.

"జవాబు నిజమేనా? నడిచి చూడండి" అన్నాను. గీత మీద 1 మీటరు 8 దగ్గర ఒకరు, 3 మీటర్ల 5 దగ్గర ఒకరు నిలబడ్డారు. చిల్లర అంగడి వాళ్ల అబ్బాయి అడుగులు వేశాడు. 108 నుంచి 200 కు 92. 200 నుంచి 300 కు 100. ఇంకో 5. మొత్తం 197, అంటే 1 మీటరు 97. "ఒకటీ ఏడు ఎట్లా అవుతుంది? దాదాపు రెండు మీటర్లు ఉండాది కదా" అని తనే అన్నాడు.

వాడి దారి నాకు తెలిసిందే. వాళ్ల నాయన చిల్లర ఇచ్చేది అట్లాగే. 37 రూపాయల సరుకుకు 50 ఇస్తే, "నలభై" అని మూడు రూపాయలు, "యాభై" అని పది చేతిలో పెడతాడు. ఎవరూ కాగితం మీద 50 లోంచి 37 వేయరు. కింది నుంచి పైకి ఎక్కుతూ పోవడం అంగడి తీసివేత. ఈరోజు దాన్ని నోటుపుస్తకంలోకి తెచ్చాం. అంకెలు లేని ఉత్త గీత ఒకటి గీసి, కావలసిన చోట్ల మాత్రమే చుక్కలు పెట్టి, పైన గంతులు వేయడం. నెదర్లాండ్స్ బడుల్లో ఇట్లాంటి ఖాళీ గీతను తీసివేతలకు వాడతారు. మా పిల్లలు దీనికి "గంతుల గీత" అని పేరు పెట్టుకున్నారు.

ఇరవయ్యో రోజు

ఒక పిల్ల వాళ్లవ్వ వచ్చింది. ఏటా అలిపిరి మెట్ల మీద పసుపు, కుంకుమ పెట్టుకుంటూ కొండ ఎక్కుతుందట. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మాకు దగ్గరగా శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఎన్ని తక్కువ? గంతుల గీత మీద వేశారు. 2,388 నుంచి 2,400 కు 12, అక్కడి నుంచి 3,000 కు 600, ఆపైన 550. మొత్తం 1,162. అవ్వ మాత్రం లెక్క వినలేదు, "అలిపిరి నుంచి ఎక్కితేనే మొక్కు తీరినట్టుంటుంది" అంది. మెట్లు కొండ మీద సంఖ్యారేఖే. ఎన్నో మెట్టు మీద ఉన్నారో తెలిస్తే ఎన్ని ఎక్కాలో తెలుస్తుంది.

ఇరవై రెండో రోజు

సున్నా వెనక వదిలిన 1 మీటరు 20 ఈరోజు వాడాం. 1685లో జాన్ వాలిస్ అనే ఇంగ్లండు గణితవేత్త తన బీజగణితం పుస్తకంలో ఒక మనిషిని నడిపించాడు. ఆ మనిషి 5 గజాలు ముందుకు పోయి, 2 గజాలు వెనక్కి వస్తాడు. మొదలుపెట్టిన చోటి నుంచి 3 గజాలు ముందుంటాడు. అదే 5 పోయి 8 వెనక్కి వస్తే? మొదలుపెట్టిన చోటికి 3 గజాలు వెనక ఉంటాడు.

కథలాగా చెప్పాను. 50 సెంటీమీటర్ల దగ్గర ఒకడిని నిలబెట్టి, 80 వెనక్కి రమ్మన్నాను. సున్నా దాటి అంకెలు లేని గచ్చు మీద నిలబడ్డాడు. "ఇక్కడ ఏం అంకె మేడం?" అన్నాడు. "నువ్వే చెప్పు, సున్నాకు ఎంత దూరంలో ఉన్నావు?" "30. కానీ వెనక." ఇప్పటికి ఇంతే. రుణ సంఖ్య అనే మాట నాలుగో తరగతిలో అవసరం లేదు. చిన్నదాంట్లోంచి పెద్దది "పోదు" అని మాత్రం ఇక మీదట చెప్పను. పోతుంది, సున్నా వెనక్కి పోతుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత

మొదటి రోజు లెక్కను తాళ్ల బదులు రిబ్బన్లు పెట్టి మళ్లీ ఇచ్చాను. 74, 38. ఈసారి ఎవరూ కూడలేదు. పద్దెనిమిది మంది 36 వేశారు, అందులో చాలామంది గంతుల గీతతో. ముగ్గురు ఇంకా 44 వేస్తున్నారు. ఇద్దరు గంతులు సరిగ్గా వేసి, గంతులు కూడేటప్పుడు తప్పారు. ఆ ఇద్దరికి కావలసింది కూడికలో సాయం, తీసివేతలో కాదు. ఆ ముగ్గురిని సోమవారం నుంచి రోజుకు పది నిమిషాలు గీత దగ్గరికే తీసుకెళ్తాను, కాగితం లేకుండా.

గీత మీద 2 మీటర్లకు అటూ ఇటూ పెయింటు అరిగిపోయింది, అందరూ అక్కడే నిలబడుతున్నారు. మేస్త్రీ అన్న ఆదివారం వచ్చి మళ్లీ వేస్తానన్నాడు. వచ్చినప్పుడు సున్నా వెనక కూడా మీటరు దాకా గీతలు వేయమని చెప్పాను, అంకెలు మాత్రం రాయొద్దన్నాను.